పొలానికి పోయే బండిని ఆపి తాళం గుంజుకుంటే: ఏది చట్టం, ఏది ఠాణా అలవాటు

మీరు అడిగినవి మూడు. జడ్చర్ల పక్క ఊరి నుంచి పొలానికి పోతుంటే హెల్మెట్ లేదని ఆపి బండి తాళం తీసుకున్నారు. పాత చలాన్లు పదకొండు ఉన్నాయి, అన్నీ కడితేనే బండి ఇస్తామన్నారు. అంతకు ముందు ఒకరోజు తెల్లవారుజామున కార్డన్ సెర్చ్ (బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ వెతకడం) పెట్టి, ఇంటి ముందు నిలబెట్టిన ఇంకో బండిని కాయితాలు లేవని ఠాణాకు తోలుకపోయారు. ఇవి రెండు. నా తల నా ఇష్టం, ఈ హెల్మెట్ చట్టమే అన్యాయం, అన్యాయమైన చట్టానికి రోడ్డు మీద ఎందుకు లొంగాలి అన్నది మూడోది.

మూడో దానికి ముందు జవాబు చెప్తాను. ‘నా తల నా ఇష్టం’ అనే వాదన కొత్తది కాదు. అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టు దాకా పోయి ఓడిపోయింది. 1964 నాటి రాష్ట్ర మోటారు వాహనాల రూల్స్‌లో 498-ఎ అని హెల్మెట్ రూలు ఉండేది. సమానత్వానికి, స్వేచ్ఛగా తిరిగే హక్కుకు, వ్యక్తి స్వేచ్ఛకు అది అడ్డమని అజయ్ కాను అనే ఆయన కేసు వేశారు. ఆ రూలు మనిషిని తిరగనియ్యకుండా ఆపడం లేదు, ప్రాణం కాపాడడానికే ఉంది అని 1988లో కోర్టు కొట్టేసింది. ఇప్పుడున్న మోటారు వాహనాల చట్టం సెక్షన్ 129లో మినహాయింపు తలపాగా కట్టుకున్న సిక్కులకే. పొలం మూడు కిలోమీటర్లే అన్నదానికి మినహాయింపు లేదు. నా లెక్కలో అది అన్యాయం కూడా కాదు. ఆ మూడు కిలోమీటర్లలో 44వ నంబరు హైవే దాటే చోటు ఒక్కటున్నా చాలు.

నిజంగా అన్యాయమైన చట్టాలు లేకపోలేదు. ట్రాన్స్‌జెండర్ల పేర్లు రిజిస్టరులో రాయించి, వారంటు లేకుండా అరెస్టు చేసే వీలిచ్చిన నిజాం కాలపు చట్టం, 1329 ఫసలీది (నిజాం రాజ్యపు లెక్కలో, అంటే 1919), మన దగ్గర వందేళ్లకు పైగా పుస్తకంలో నిలిచింది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అది పోయింది హైకోర్టులో వేసిన రిట్ పిటిషన్‌తో. మహబూబ్‌నగర్ మెట్టుగడ్డ కాడ కానిస్టేబుల్‌తో వాదిస్తే ఏ చట్టమూ పోదు, ఆయనకు దాన్ని మార్చే అధికారం లేదు.

అయితే మీరు పడ్డ బాధలో చట్టం వాటా చాలా తక్కువ. హెల్మెట్‌కు చలాన్ రాయడం వరకే చట్టం. తాళం గుంజుకోవడం, పాత బాకీ కడితేనే బండి అనడం, ఇంటి ముందు బండిని ఎత్తుకపోవడం, వీటిలో మొదటి రెండింటికి మోటారు వాహనాల చట్టంలో సెక్షనే లేదు. మూడోది కొన్ని సందర్భాల్లోనే నిలబడుతుంది. ‘అన్యాయమైన చట్టం’ అని కొట్లాడితే ఓడిపోతారు. ‘ఏ సెక్షన్ సార్’ అని అడిగితే మాట వేరే దారి పడుతుంది.

ఆపినప్పుడు ఏం అడగవచ్చు? సెక్షన్ 130 ప్రకారం యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అధికారి అడిగినా లైసెన్స్ చూపాలి. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాయితాలు ఫోన్‌లో చూపినా చెల్లుతుందని కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లోని 139వ రూలు చెబుతుంది. అయితే ప్రభుత్వ యాప్‌లైన డిజీలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో తెరిచి చూపితేనే. గ్యాలరీలో దాచుకున్న ఫోటో, వాట్సాప్‌లో కొడుకు పంపిన ఆర్సీ బొమ్మ చెల్లవు. చాలా మంది ఇక్కడే దొరికిపోయి ‘ఫోన్‌లో చూపించినా ఒప్పుకోలేదు’ అంటారు. సిగ్నల్ అందని చోట యాప్ మొరాయిస్తుంది. మన్ననూరు దాటి శ్రీశైలం రోడ్డు ఎక్కేవాళ్లు అసలు కార్డు జేబులో పెట్టుకోవడమే మేలు.

లైసెన్స్ తీసుకోవడం సెక్షన్ 206. దొంగ లైసెన్స్ అని అనుమానం ఉన్నా, మనిషి సమన్లకు దొరకడని నమ్మడానికి కారణం ఉన్నా తీసుకోవచ్చు. 2019 సవరణ తరువాత అతివేగం, ప్రమాదకరంగా నడపడం, తాగి నడపడం, ముగ్గురెక్కడం, హెల్మెట్ లేకపోవడం లాంటి వాటికి కూడా తీసుకొని, సస్పెన్షన్ కోసం లైసెన్స్ ఇచ్చే ఆఫీసుకు పంపవచ్చు. ఏ కారణంతో తీసుకున్నా రసీదు ఇవ్వాల్సిందే. రసీదు లేకుండా లైసెన్స్ చేతిలోంచి పోతే తరువాత మీ దగ్గర రుజువేమీ ఉండదు.

బండిని పట్టుకోవడం సెక్షన్ 207. ఈ ఒక్క సెక్షన్ బాగా గుర్తుపెట్టుకోండి. బండి ఆపి ఉంచుకునే సందర్భాలు అందులో లెక్కబెట్టి రాసి ఉన్నాయి: లైసెన్స్ లేకుండా నడపడం, వయసు చాలని పిల్లలు నడపడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ కావాల్సిన బండికి పర్మిట్ లేకపోవడం లేదా పర్మిట్ షరతులు తప్పడం. అంతే. ఆ జాబితాలో హెల్మెట్ లేదు, ఇన్సూరెన్స్ లేదు, పొల్యూషన్ లేదు, పాత చలాన్ల బాకీ కూడా లేదు. లైసెన్స్, పర్మిట్ లేని సందర్భాల్లో కూడా బండి బదులు ఆర్సీ తీసుకొని రసీదు ఇవ్వవచ్చని అదే సెక్షన్ చెబుతుంది. తాళం గుంజడం, టైర్ల గాలి తీయడం ఎక్కడా లేవు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, పల్లెల్లో చాలా బండ్లకు అదే తగులుతుంది. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే. 2009లో కొన్న బండి ఆర్సీ గడువు 2024లో అయిపోయింది, తిరిగి రిజిస్టర్ చేయించకపోతే లెక్కలో అది రిజిస్ట్రేషన్ లేని బండే. అప్పుడు 207 నిలబడుతుంది. ముందు ఆర్సీ మీద తేదీ చూడండి. దాటితే ఫారం 25తో ఆర్టీఏలో రెన్యువల్ చేయించండి. ఆర్సీ పోతే ఫారం 26తో డూప్లికేట్ అడగండి.

తాళం తీసుకున్నప్పుడు చెయ్యాల్సింది: బండి దిగండి, స్టాండు వేయండి, చేతులు కనబడేలా నిలబడండి. ‘సార్, హెల్మెట్ లేదు, చలాన్ రాయండి. బండి ఉంచుకుంటే ఏ సెక్షన్ కింద ఉంచుకుంటున్నరో రాసి రసీదు ఇవ్వండి.’ ఈ రెండు ముక్కలు చాలు. పేరు పట్టీ చూసి పేరు, అక్కడున్న ఎస్సై పేరు, టైము, చోటు రాసుకోండి. తాళం తిరిగి గుంజుకోవడం, చెయ్యి పట్టుకోవడం మాత్రం వద్దు. భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ బదులు వచ్చింది) 132 ప్రభుత్వ ఉద్యోగిని విధిలో అడ్డుకోవడానికి బలం వాడడం, రెండేళ్ల దాకా జైలు. 221 విధికి అడ్డుపడడం, మూడు నెలల దాకా. వంద రూపాయల తగాదా ఇట్లనే క్రిమినల్ కేసు అవుతుంది. నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చింది) 172 కింద, చట్టబద్ధమైన ఆదేశాన్ని లెక్కచేయని వాళ్లను పక్కకు తీసుకపోయే అధికారం కూడా పోలీసులకు ఉంది. తాళం తీసుకోవడం చట్టబద్ధమా కాదా అన్నది తరువాత తేలేది, మీ చెయ్యి లేచిందా లేదా అన్నది అప్పుడే వీడియోలో పడేది.

వీడియో తీయవచ్చా అని చాలా మంది అడుగుతారు. పబ్లిక్ రోడ్డు మీద పోలీసును తీయకూడదనే చట్టం లేదు, అధికార రహస్యాల చట్టం రోడ్డుకు వర్తించదు. కానీ ఫోన్ ఆయన మొహం మీద పెట్టి ‘చెప్పు, చెప్పు’ అంటే అది అడ్డుపడడం కిందికి తిప్పుతారు. మూడడుగుల దూరంలో, ఛాతీ ఎత్తులో పట్టుకొని ఊరుకోండి. మీ ఫోన్ తెరిచి చాటింగ్ చూపమంటే మాత్రం, కేసు ఏమీ లేకుండా మామూలు తనిఖీలో చూపాల్సిన పని లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసు తీర్పులో చెప్పింది. వేలిముద్ర మిషన్ మీద వేలు పెట్టమంటే కూడా అంతే. 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టం శిక్ష పడ్డవాళ్లకు, అరెస్టయినవాళ్లకు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లకు, మేజిస్ట్రేటు ఆదేశం ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. రోడ్డు మీద ఆపిన మనిషి వీళ్లలో ఎవరూ కాదు.

ఇక ఆ పదకొండు చలాన్లు. ఈ-చలాన్ అంటే తీర్పు కాదు. ‘నువ్వు ఈ తప్పు చేశావు, కోర్టు దాకా పోకుండా ఇంత కట్టి ముగించుకో’ అనే ప్రతిపాదన అది. సెక్షన్ 200 కింద రాజీ, రాష్ట్రం నోటిఫై చేసిన అధికారి, నోటిఫై చేసిన మొత్తం. రాజీకి ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఒప్పుకోకపోతే వాళ్లు కోర్టులో వెయ్యాలి. వెయ్యడానికీ గడువుంది. నాగరిక్ సురక్షా సంహిత 514 ప్రకారం జరిమానా మాత్రమే పడే నేరానికి ఆరు నెలలు, ఏడాది దాకా జైలు పడేదానికి ఏడాది. ఆ గడువు దాటాక కోర్టు కేసు తీసుకోకూడదు, సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలు కోర్టుకు ఉన్నా కూడా. 2021 నాటి హెల్మెట్ చలాన్ చూపి నేడు బండి ఆపేటప్పుడు, దాన్ని కోర్టులో వేశారా అన్న ప్రశ్న అందుకే ముఖ్యం.

ఇది విని అన్నీ కోర్టుకే పంపమనకండి, లెక్క చూసుకోండి. కేంద్రం 2019 సెప్టెంబర్ 1 నుంచి పెంచిన మొత్తాలను తెలంగాణ రాజీ జరిమానాల్లోకి తీసుకోలేదు. అందుకే హెల్మెట్ చలాన్లు వందల్లోనే వస్తున్నాయి, దానికి తోడు 35 రూపాయల యూజర్ చార్జీ. కోర్టుకు పోతే మాత్రం చట్టంలోని అంకెలే. హెల్మెట్‌కు 194-డి కింద వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్స్ సస్పెన్షన్. ముగ్గురెక్కినా 194-సి కింద అంతే. లైసెన్స్ లేకుంటే ఐదు వేలు. ఇన్సూరెన్స్ లేకుంటే మొదటిసారి రెండు వేలు. తప్పు నిజంగా చేసి ఉంటే, ఫోటోలో మీరే ఉంటే, కట్టేయడమే చౌక. ఫోటోలో మీరు కాకపోతే, బండి వేరేదైతే అప్పుడు కొట్లాడాలి.

రాయితీల కోసం ఆగేవాళ్లూ ఉన్నారు. 2022 మార్చిలో బైకులకు 75 శాతం తగ్గించారు, 2023 డిసెంబర్ 26 నుంచి 80 శాతం. జరిమానా భయం పెట్టడానికా, వసూలుకా అన్న అనుమానం జనానికి అక్కడే వచ్చింది, అది వాళ్ల తప్పు కాదు. అట్లని వచ్చే రాయితీ మీద ఆశతో పదకొండు పోగేసుకుంటే ఆర్టీఏలో బండి బదిలీకో రెన్యువల్‌కో పోయినప్పుడు అవే అడ్డుపడతాయి.

ఒక్కో చలాన్ తెరిచి చూడండి. తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో బండి నంబరు, ఇంజన్ లేదా ఛాసిస్ చివరి అంకెలు కొడితే ఫోటో వస్తుంది. చూడాల్సినవి: నంబరు పూర్తిగా కనబడుతుందా, 3 ను 8 గా, 0 ను డి అక్షరంగా చదివారా. బండి మోడల్, రంగు మీదేనా. చోటు, టైము. ఒకే రోజు పది నిమిషాల తేడాతో ఒకే తప్పుకు రెండు పడ్డాయా. కెమెరాతో రాసిన చలాన్‌కు రూలు 167-ఎ వర్తిస్తుంది, ఇది 2021 ఆగస్టులో వచ్చింది. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు రావాలి. పరికరానికి ఏటా తీసుకునే ఆమోద పత్రం ఉండాలి. ఇక్కడ కెమెరా ఉందని బోర్డు ఉండాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి. స్పీడ్ కెమెరా, సీసీ కెమెరా, స్పీడ్ గన్, ఒంటికి పెట్టుకునే కెమెరా, డాష్‌బోర్డు కెమెరా ఆ రూలులో ఉన్నాయి. కానిస్టేబుల్ సొంత ఫోన్ పేరు అందులో లేదు, వేరే పరికరాలను చేర్చే అధికారం మాత్రం రాష్ట్రానికి ఉంది. ఇలాంటి పరికరాలు పెట్టాలని ఆ రూలు పట్టికలో చెప్పిన 132 పట్టణాల్లో నల్గొండ ఒకటి.

తప్పు దొరికితే సైట్‌లో ఫిర్యాదు పెట్టి, అదే ప్రింటు జిల్లా పోలీసు ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు. జిల్లా ఆఫీసుకు ఫీజు పది రూపాయలు, తెల్ల రేషన్ కార్డుంటే అదీ లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘ఎందుకు చలాన్ వేశారు’ అని అడిగితే జవాబు రాదు, కాయితం అడగాలి: ఫలానా చలాన్ ఫోటో తీసిన పరికరం పేరు, దాని ఆమోద పత్రం నకలు, ఆ చలాన్‌ను కోర్టులో దాఖలు చేసి ఉంటే తేదీ, కేసు నంబరు, రాజీ జరిమానా వసూలుకు ఏ హోదా అధికారులకు అధికారం ఇచ్చారో ఆ నోటిఫికేషన్ నకలు. చివరిదానికి వచ్చే జవాబే రోడ్డు మీద నగదు అడిగే వాళ్లకు మందు. సమన్లు వచ్చి, తప్పు ఒప్పుకోదలిస్తే కోర్టు మెట్లు ఎక్కాల్సిన పని కూడా లేకుండా సెక్షన్ 208లో వీలుంది, సమన్లలో చెప్పిన తేదీలోపు రిజిస్టర్డ్ ఉత్తరంతో తప్పు ఒప్పుకొని, మనీ ఆర్డరుతో డబ్బు పంపవచ్చు.

ఇంకొకటి. తెల్ల కాయితం మీద అమ్మిన బండి చలాన్లు పాత యజమానికే వస్తాయి. అమ్మినాయన 14 రోజుల్లో ఫారం 29 ఇవ్వాలి, కొన్నాయన ఫారం 30. ఇవ్వకపోతే ఎవరితో కొట్లాడినా దండగ.

రాంగ్ రూటు సంగతి మీరు అడగలేదు గాని, ‘అన్యాయం’ అనే మాట సరిగ్గా సరిపోయేది అక్కడే. 65వ నంబరు రోడ్డు మీద చౌటుప్పల్, నకిరేకల్ దాకా, 44వ నంబరు మీద భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు దాకా డివైడర్ తెరిచిన చోటుకు పోయి తిరిగి రావాలంటే ఊరివాళ్లకు చుట్టు తిరుగుడు. అందుకే ఎదురు దిక్కున పోతారు, దాన్ని సెక్షన్ 184 ప్రమాదకరంగా నడపడం అంటుంది, చలాన్‌తో ఆగకుండా జైలు దాకా పోగలదు. హైవే మీద నిలబడి ఎదురొచ్చే బండ్లను ఆపడం పోలీసుకు తేలిక, సర్వీసు రోడ్డు వెయ్యడం ఆయన పని కాదు. అది అడగాల్సిన చోటు సెక్షన్ 215 కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ. గ్రామ పంచాయతీ తీర్మానం, కిలోమీటరు రాయి నంబరు, ఆ చోట జరిగిన ప్రమాదాల ఎఫ్ఐఆర్ నంబర్లు జతచేసి ఇవ్వండి, నకలు హైవే అథారిటీ ప్రాజెక్టు డైరెక్టరుకు. ఎఫ్ఐఆర్ నంబర్లు లేని అర్జీ ఫైల్లోనే ఉంటుంది.

తాగి నడపడం గురించి రెండు ముక్కలే: వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185. ఊదే గొట్టం కొత్తది అడగండి, చీటీ ప్రింటు అడగండి. తాగని మనిషి వెంట ఉంటే బండి ఆయనకు ఇవ్వాలని 2021 నవంబర్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పింది.

ఇక ఇంటి ముందు నుంచి పోయిన బండి. 207 మాట ‘వాడిన, వాడుతున్న’ బండి గురించి. వాకిట్లో స్టాండు వేసి ఉన్న బండిని ఎవరు, ఎప్పుడు, ఏ రోడ్డు మీద, ఏ తప్పుతో నడిపారో వాళ్లు చెప్పాలి. దొంగ సొత్తని అనుమానం ఉంటే సురక్షా సంహిత 106 కింద తీసుకోవచ్చు, అప్పుడు దాని సమాచారం మేజిస్ట్రేటుకు పోవాలి. ఇల్లు సోదా చేయాలంటే వారంటు కావాలి, లేకపోతే ఒక కేసు దర్యాప్తులో సురక్షా సంహిత 185 కింద కారణాలు రాసిపెట్టి చెయ్యాలి. సోదాను అదే సంహిత 105 కింద వీడియో తీయాలి. బస్తీ మొత్తాన్ని తెల్లవారుజామున నాలుగు దిక్కులా మూసి ఇల్లిల్లూ చూడడానికి ప్రత్యేకంగా సెక్షన్ లేదు, అది అలవాటుగా నడుస్తోంది.

ఆ బండి తెచ్చుకునే వరస ఇది. ఆర్సీ, ఇన్సూరెన్స్ నకళ్లతో 207 రెండో క్లాజు కింద విడుదల కోరుతూ రవాణా శాఖకో, ప్రభుత్వం అధికారం ఇచ్చిన అధికారికో రాతపూర్వక దరఖాస్తు, ఒకటి ఠాణాలో కూడా ఇచ్చి పక్క నకలు మీద స్టేషన్ ముద్ర. ముద్ర వెయ్యకపోతే అదే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు. వారంలో కదలకపోతే మీ ఠాణా పరిధి మేజిస్ట్రేటు కోర్టులో సురక్షా సంహిత 503 కింద పిటిషన్, కేసు అప్పటికే కోర్టులో ఉంటే 497. వకీలు ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, 15100 నంబరు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితం. చెయ్యి చేసుకున్నా, తిట్టినా మానవ హక్కుల కమిషన్‌కు ఏడాదిలోపు రాయాలి. స్టేషన్ లోపల జరిగిందైతే సీసీ కెమెరా రికార్డు తక్కువలో తక్కువ ఏడాది ఉంచాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. భద్రపరచమని తేదీ, గంట రాసి ఆ వారంలోనే దరఖాస్తు పెట్టండి.

దరఖాస్తుతో పాటు బండి ఠాణా ఆవరణలో ఉన్న స్థితి ఫోటో, కిలోమీటర్ల మీటరు అంకె, టైర్లు, బ్యాటరీ ఉన్నాయో లేదో రాసి పెట్టండి. విడుదల రోజు సంతకం పెట్టే ముందు దానితో సరిచూసుకోండి.